బొట్టు పెట్టి అడిగిన ఓటు

కోరుట్లలో కొమురమ్మ చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు ఎప్పుడు వచ్చిందో, ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఆమె బొట్టు పెట్టి పిలిచిన పెళ్ళిళ్ళన్నీ నిలబడ్డాయనీ, ఆమె ఒడిబియ్యం పోసిన ఆడపిల్లలంతా ఏడాది తిరగకుండా చంకన బిడ్డతో పుట్టింటికి వచ్చారనీ చెప్పుకునేవాళ్ళు. నిలబడని పెళ్ళిళ్ళూ కొన్ని ఉన్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరు. మంచిపేరుతో ఉన్న సుఖమే అది, ఒకసారి వచ్చిందంటే దానికి సాక్ష్యం అడిగేవాడుండడు. అందుకే వాడలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టుకుంటున్న కొమురమ్మను వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె చేతులకంటిన తంబాకు వాసన పోయేదాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరేది.

ఆమె మొగుడు బుచ్చన్న కల్లు గీయడానికి తాటిచెట్లెక్కే మనిషి. గౌడుల ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే మోకు భుజాన వేసుకున్నవాడు. ఒక వానాకాలం చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది, ఎడమ మోకాలు పోయింది. ఎముక అతికింది గానీ కాలు పూర్తిగా మడత పడేది కాదు. చెట్టెక్కాలంటే మోకాళ్ళు రెండూ కావాలి. దుబాయిలో ఒకటి ఉన్నా సరిపోతుందని ఏజెంటు చెప్పాడు. ఏజెంట్లు ఏదైనా చెబుతారు, కాళ్ళూ చేతులూ లేకపోయినా సరిపోతుందంటారు. అలా బుచ్చన్న విమానమెక్కాడు. పక్కింటి సత్తయ్య అనే పడుచువాడు, పెళ్ళయి నిండా ఏడాది కాలేదు, అతనూ వెంటే పోయాడు.

బుచ్చన్నకు ఒక అలవాటు ఉండేది. ఆయన పెళ్ళాన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలిచి ఎరుగడు. ఆ తరంలో చాలామంది అంతే. పెద్దబిడ్డ గీత పుట్టిన నాటి నుంచి ఆయన నోట భార్య పేరు కూడా గీతే అయింది. "ఓ గీతా, నా చెప్పులేడ వెట్టినవే" అంటే అది కొమురమ్మకు. "గీత బిడ్డా" అంటే అది కూతురికి. కొన్నిసార్లు తల్లీబిడ్డలిద్దరూ ఒక్కసారే పలికేవాళ్ళు, ఆయన నవ్వేవాడు. బిడ్డను ఎల్లంతకుంటకు ఇచ్చి పంపిన తరువాత ఇంట్లో గీత ఒక్కతే మిగిలింది. దుబాయి నుంచి మాటలు నింపి పంపిన క్యాసెట్టు కూడా "ఓ గీతా, నేను మంచిగున్న" అనే మొదలయ్యేది. పక్కింటి టేపురికార్డరులో దాన్ని వేసి వేసి, చివరికి ఆ ఒక్క మాట దగ్గర టేపు నలిగిపోయింది.

ఆ తరువాత క్యాసెట్టు రాలేదు, ఉత్తరం రాలేదు. ఊరికి వచ్చిన ఒకాయన చెప్పాడు, కంపెనీ జీతాలివ్వకపోతే బుచ్చన్న, సత్తయ్య చెప్పకుండా బయటపడి ఖల్లివెల్లి అయ్యారని. ఖల్లివెల్లి అంటే కంపెనీ విడిచి, కాగితాలు లేకుండా, పోలీసులకు కనపడకుండా దొరికిన పని చేసుకుంటూ బతకడం. అరబ్బీ మాట. కోరుట్ల ఆడవాళ్ళకు అరబ్బీలో ఆ ఒక్క మాట బాగా తెలుసు. ఖల్లివెల్లి అయినవాడు ఉన్నాడో లేడో చెప్పేవాడు ఆ దేశంలోనూ ఉండడు, ఈ దేశంలోనూ ఉండడు.

ఇంతలో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. ఛైర్మన్ను జనమే నేరుగా ఓటేసి ఎన్నుకునే రోజులవి. ఆ విడత కుర్చీ ఆడవాళ్ళ వంతుకు వచ్చింది. పురుషోత్తం రావు అనే ఆయన ఎన్నాళ్ళ నుంచో ఆ కుర్చీ మీద కన్నేసి ఉన్నాడు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళల్లో దొరతనం చేసిన ఇల్లు వాళ్ళది. భూములు చాలావరకు పోయి, రైసుమిల్లు, దొర అనే పిలుపు మిగిలాయి. కుర్చీ ఆడవాళ్ళకు పోతే మొగవాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు, భార్య ఇందిర చేత నామినేషన్ వేయించాడు. గుర్తు కుట్టుమిషను. ఇందిరమ్మ గారు జీపు దిగి దండం పెట్టగలదు గానీ, ఇరుకు గల్లీల్లో మురికికాలువలు దాటుకుంటూ ఇల్లిల్లూ తిరగడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఉపాయం చెప్పింది కరుణాకర్. బుచ్చన్నకు పినతండ్రి కొడుకు, కల్లు సొసైటీలో పెద్దరికం చేస్తూ పురుషోత్తం రావు వెంట తిరిగేవాడు. నాలుక మీద తేనె, కడుపులో లెక్క.

"మైకు వెడితె ఎవడు వింటుండు దొరా. కాయితాలు పంచితె పొయ్యిలకు పోతయి. పెండ్లికి పిలిచినట్టు ఇంటింటికి పోయి, ఆడోళ్ళకు బొట్టు పెట్టి ఓటడుగుదాం. బొట్టు పెట్టించుకున్నంక మన ఆడోళ్ళు మాట తప్పరు. మా వదినె ఉన్నది గద, ఆమె చెయ్యి మంచిదని ఊరంతటికి ఎరుకే."

కొమురమ్మను దొర ఇంటికి పిలిపించారు. ఆమె గుమ్మం బయటే నిలబడి ఒకే మాట అన్నది.

"నాకు ఏం వద్దు దొరా. మా ఆయన జాడ ఒక్కటి చెప్పిపియ్యిండ్రి. ఉన్నడా లేడా, గంతే."

"మా అన్న కొడుకు జయంత్ గక్కడ్నే ఇంజినీరు," అన్నాడు పురుషోత్తం రావు. "ఫోన్ చేస్తె ఎంతసేపు. ఎలక్షన్ కానియ్యి."

"గందాక ఎందుకు దొరా, రేపే చెప్పుండ్రి."

ఆయన నవ్వి సరే అన్నాడు. ఆ సరే పట్టుకుని కొమురమ్మ మరునాటి నుంచి చాట గోడకు ఆనించి, భరిణె చేతబట్టుకుంది.

ఆమె అడిగే తీరు ఎవరూ నేర్పింది కాదు. గడపలో నిలబడి ఇంటామెను పేరు పెట్టి పిలిచేది, జలుబు చేసిన పిల్లవాణ్ణీ, ముసలమ్మ దగ్గునూ పలకరించేది, ఆ తరువాత బొట్టు పెట్టి, "కుట్టుమిషనుకు ఎయ్యాలె చెల్లె, మర్వకు" అనేది. బీడీ కార్ఖానా దగ్గర, నల్లా దగ్గర పరిచయం లేని ఆడది ఆ ఊళ్ళో లేదు. ముస్లింల గల్లీల్లో బొట్టు పనికిరాదు గనుక అటు కరుణాకర్ పోయి సలాములు కొట్టి వచ్చేవాడు. వారం తిరగకుండా అవతలి పక్షమూ బొట్లు మొదలుపెట్టింది. కొందరు ఆడవాళ్ళు నొసటి మీద బొట్టు పైన బొట్టుతో కనిపించేవాళ్ళు. ఒక ముసలమ్మ విసిగి, "నా నొసలొక్కటే, ఓటొక్కటే బిడ్డా. పొద్దుగూకేదాక ఎవల బొట్టు రాలకుంట ఉంటె వాళ్ళకేస్త పో" అన్నది. కొమురమ్మ అక్కడే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. బుచ్చన్న పోయిన తరువాత అంతగా నవ్వింది అదే.

నవ్వని ఇళ్ళూ ఉన్నాయి. మొగుడు పోయిన ఆడవాళ్ళు గడపలో నిలబడి చూసేవాళ్ళు. వాళ్ళకు బొట్టు పెట్టరు గదా, అందుకని కరుణాకర్ వాళ్ళ కోసం వేరే మనిషిని ఒట్టి దండంతో పంపేవాడు. ఓటు మాత్రం వాళ్ళదీ ఒకటే, వీళ్ళదీ ఒకటే. కొమురమ్మ ఆ గడపల ముందు నడక వేగం పెంచేది. వాళ్ళ ముఖం చూడడానికి ఆమెకు భయం వేసేది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

బొట్టు పని చేస్తున్నదని అవతలివాళ్ళకు అర్థమైంది. వాళ్ళ తరఫున తిరిగే ముత్తమ్మకు నోరు కొంచెం పెద్దది. నల్లా దగ్గర బిందె కింద పెడుతూ ఒకే ఒక్క మాట అన్నదట.

"మొగడు ఉన్నడో పోయిండో ఎరుకలేని ఆడిది. గామె చేతి బొట్టు మన నొసటికి పెట్టించుకుంటున్నం. మన మొగోళ్ళు గూడ గక్కడ్నే ఉండిరి."

ఇంకేం కావాలి. ఇంటికొక మొగవాడు గల్ఫ్‌లో ఉన్న ఊరు అది. ఆ మాట పొద్దున నల్లా దగ్గర పుట్టి, మధ్యాహ్నానికి బీడీ కార్ఖానా చేరి, సాయంత్రానికి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలుకుపోయే బండ్లవాళ్ళ నోళ్ళల్లో కూడా పడింది. బుచ్చన్న చచ్చిపోయాడని, పెళ్ళానికి తెలిసీ దాచిపెట్టిందని, ఇలా పోయిన ప్రతిచోటా ఆ మాటకు ఒక కొమ్మ మొలిచింది.

మరునాడు కొమురమ్మ ఒక ఇంటి ముందు నిలబడి వేలు కుంకుమలో అద్దింది. ఆ ఇంటామె మొగుడు మస్కట్‌లో ఉన్నాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే అరుగు మీద కూర్చుని బీడీ ఆకు కత్తిరించిన వాళ్ళు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఓటేస్త అక్కా. బొట్టు వద్దు. ఏమనుకోకు."

కొమురమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తరువాత ఆ వేలిని కొంగుకు తుడుచుకుంది. ఆ రోజు ఇంకా కొన్ని తలుపులు ఆమె రాకముందే మూసుకున్నాయి. ఇంటికి వచ్చి చాట ముందు కూర్చుంది గానీ ఒక్క బీడీ కూడా చుట్టలేదు. ఆమెకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే తనూ అలాగే వెనక్కి జరిగేదాన్నని తెలుసు, అదే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

రెండు రోజులకు కరుణాకర్ స్కూటరు మీద దిగాడు. "వదినె, అన్న దొరికిండు. జయంత్ సారు పట్టిండు. శుక్రారం గక్కడ సెలవు గద, దొర ఇంటికే ఫోన్ చేస్తడట. అందరి ముందట మాట్లాడు, గా ముత్తమ్మ నోరు మూస్కుంటది."

కొమురమ్మ పక్కింటి గోడ మీదుగా సంగీతకు చెప్పింది. సంగీత అంటే సత్తయ్య భార్య, నిండా ఏడాది కాపురం చూడకుండానే మొగుణ్ణి విమానమెక్కించిన పిల్ల. ఇద్దరూ గోడకు అటొకరు ఇటొకరు నిలబడి చాలాసేపు ఏడ్చారు. శుక్రవారం పొద్దున కొమురమ్మ తలస్నానం చేసి, ఫోనులో మొగుడికి కనపడదని తెలిసీ పట్టుచీర కట్టింది.

దొర ఇంటి హాలు నిండా ఆడవాళ్ళున్నారు. కరుణాకర్ అవతలి పక్షం వాళ్ళను కూడా మర్యాదగా పిలిపించాడు, ముత్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద కొత్త ఫోను. మీట నొక్కితే అవతలి గొంతు అందరికీ వినిపించేది. ఇందిర పక్కన కుర్చీ వేసి కొమురమ్మను కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

ఫోను మోగింది. గరగరమని చప్పుడు, ఆ చప్పుడులోంచి ఒక మొగవాడి గొంతు.

"హలో. కొమురమ్మా, నేను బుచ్చన్నను మాట్లాడుతున్న. మంచిగున్నవా కొమురమ్మా?"

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. కొమురమ్మ మాత్రం ఫోను మీదికి వంగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పేరు ఆ మనిషి నోట ఆమె ఒక్కసారీ వినలేదు. కోపంలో వినలేదు, జ్వరంలో వినలేదు, చెట్టు మీద నుంచి పడి నొప్పితో అరిచిన రోజు కూడా ఆయన అరిచింది "ఓ గీతా" అనే. దుబాయికి పోతే అందరూ పేర్లు పెట్టి పిలుచుకుంటారేమో, తీగ మీద గొంతు మారుతుందేమో అని మనసు వెయ్యి విధాల సర్దుకుంది.

"గీత మంచిగున్నదా? అల్లుడు మంచిగున్నడా?" అన్నది ఆ గొంతు.

"మంచిగున్నరు," అన్నది కొమురమ్మ. "నీ నడుము నొప్పి ఎట్లున్నది?"

బుచ్చన్నకు జన్మలో నడుము నొప్పి లేదు.

"తగ్గింది కొమురమ్మా. ఇప్పుడు మంచిగున్నది. ఏం రంది వెట్టుకోకు."

సంగీత గబగబా ముందుకు వచ్చి ఫోను అందుకోబోయింది, మొగుడి సంగతి అడుగుదామని. ఆమె చెయ్యి చేరేలోగా లైను తెగింది. తెగిందో, కరుణాకర్ వేలు మీట మీద పడిందో ఎవరూ గమనించలేదు.

"ఆయనేనా కొమురమ్మా?" అని ఇందిర అడిగింది.

హాలంతా ఆమె నోటి వైపు చూస్తున్నది. కాదంటే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. కాదనే మాట ఈ హాలు దాటేలోగా బుచ్చన్న చచ్చినవాడవుతాడు. ఉన్నవాణ్ణి చూపించలేక దొంగగొంతు తెచ్చారంటే అర్థం ఇంకేముంటుంది. సాయంత్రానికి గాజుల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. శవం లేదు, కబురు లేదు, ఒక ఫోను వల్ల తన మొగుణ్ణి తనే పాడె ఎక్కించినట్టవుతుంది. ఆయన ఎక్కడో బతికే ఉంటే? దొర చేత వెతికించే దారి కూడా ఈ మాటతోనే మూసుకుపోతే?

"ఆయనే," అన్నది.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ముత్తమ్మ లేచి వచ్చి, "తప్పయింది కొమురవ్వా, నా నోరు గసుంటిది" అని తనే నొసలు ముందుకు పెట్టి బొట్టు అడిగింది. కొమురమ్మ పెట్టింది. బొట్టు ఎప్పటిలాగే గుండ్రంగా కుదిరింది. అప్పుడు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

బయటికి వచ్చాక స్కూటరు దగ్గర కరుణాకర్‌ను పట్టుకుంది.

"గాయన ఎవలు?"

"గదేంది వదినె, నువ్వే అంటివి గద ఆయనే అని." అతను ఆమె వైపు చూడలేదు. "నీ బొట్టు నిలవెట్టెతందుకే గింత తిరిగిన. ఓట్లు అయిపోనియ్యి. నిజంగనే అన్నను ఎంకులాడిపిస్త, జాడ తెప్పిస్త."

కోరుట్లలో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆమె వస్తున్నదని తెలిసి ఆడవాళ్ళు ముందే వాకిట్లో నిలబడేవాళ్ళు. మొగుడు ఉన్నాడని తేలిన ఆడదాని చెయ్యి మరి, మునుపటికన్నా మంచిదయింది. మస్కట్ వాడి భార్య కూడా వచ్చి బొట్టు పెట్టించుకుంది. తిరిగిన ప్రతి ఇంట్లో, "ఏమన్నడక్కా అన్న?" అని అడిగేవాళ్ళు. చెప్పిన మాటే చెబితే బాగుండదని ఆమె కొంచెం కొంచెం కలపడం నేర్చుకుంది. ఎల్లంతకుంట నుంచి గీత బస్సు దిగి పరుగున వచ్చింది.

"అవ్వా, బాపు నన్ను అడిగిండా?"

"అడిగిండు బిడ్డా. ముందుగాల నిన్నే అడిగిండు."

అది అబద్ధం కూడా కాదు. ఆ గొంతు నిజంగానే గీతను అడిగింది. బిడ్డ ముఖం వెలగడం చూసి కొమురమ్మ పొయ్యి దగ్గరికి పోయి పొగ మీద వంక పెట్టి ఏడ్చింది.

కుట్టుమిషను గెలిచింది. బ్యాండుమేళం, గులాలు, టాపు లేని జీపు మీద ఇందిర. మరునాడు కొమురమ్మ పోతే వాకిట్లో పూలదండల కుప్పలు. ఏరు దాటినంక తెప్ప తగలేసేవాళ్ళ సంగతి ఆమెకు తెలియనిది కాదు, అయినా పోయింది. పురుషోత్తం రావు ఆమెను చూడగానే, "నీ మొగడు దొరికె, మా ఎలక్షన్ ఆయె. ఇంకేంది కొమురమ్మా?" అన్నాడు.

"గాయన మా ఆయన కాదు దొరా."

ఆయన కరుణాకర్ వైపు చూశాడు. కరుణాకర్ పూలదండల వైపు చూశాడు. దొరకు ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో ఆ ముఖం చూసి చెప్పడం కష్టం. దొరల ముఖాలు అందుకే తయారవుతాయి.

"నువ్వు అవునంటేనే గద మేము నమ్మింది," అన్నాడు చివరికి. "అందరి ముందట అన్నవు. ఆయన గొంతు ఎరుకున్నది నీకొక్కదానికే. ఇప్పుడు కాదంటె ఎవడు నమ్ముతడు?"

ఇందిర నెమ్మదిగా అన్నది, తిట్టినట్టు కూడా లేదు. "ఆయన కాదని తెలిసి గన్ని దినాలు గన్ని నొసళ్ళకు బొట్టు పెట్టినవా కొమురమ్మా? గా ఆడోళ్ళకు తెలిస్తె నిన్ను బతకనిస్తరా? పో, ఇంటికి పో. బతికుంటే ఆయనే వస్తడు."

జగిత్యాలలో విఠల్ సారని ఒకాయన, రిటైరయిన టీచరు, గల్ఫ్‌లో జాడ తెలియని వాళ్ళ కోసం దరఖాస్తులు రాసిపెడతాడని విని కొమురమ్మ బస్సెక్కింది. ఆయన అరుగు మీద తనలాంటి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వంతు రాగానే ఆయన నిదానంగా అడిగాడు.

"ఆఖరుకు కబురు ఎప్పుడొచ్చిందమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా వెనక నుంచి కోరుట్ల ఆమె ఒకతె సంతోషంగా అందుకుంది. "గీ అక్క మొగడు దొరికిండు సారూ. మొన్న ఓట్లప్పుడు ఫోన్ల మాట్లాడిండు. నేను గక్కడ్నే ఉన్న, నా చెవులతోని విన్న."

విఠల్ సారు కలం పక్కన పెట్టాడు. "మంచిదే గదమ్మా. మళ్ళ చేసినప్పుడు ఎక్కడున్నడో చిరునామా అడుగు, రాస్తా. ముందు ఏ కబురూ లేనివాళ్ళవి చూడనియ్యి."

కొమురమ్మ లేచి చోటిచ్చింది. చచ్చాడని ఏడ్చే హక్కు లేదు, వెతకమని అడిగే హక్కు లేదు. రెండింటినీ తన నోటితోనే అమ్మేసుకుంది. పొద్దున లేచి అద్దం ముందు నొసట కుంకుమ పెట్టుకుంటే అది అబద్ధమేమోనని భయం, పెట్టుకోకుండా ఉందామంటే అది అంతకన్నా పెద్ద అబద్ధమేమోనని భయం. దండం పెట్టడానికి దేవుడి ముందు నిలబడినా ఏం కోరుకోవాలో తెలిసేది కాదు.

ఆమె జగిత్యాల నుంచి వచ్చిన సాయంత్రం సంగీత అత్త గోడ చుట్టూ తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. వెనకే సంగీత, చాట తెచ్చుకుని తల వంచుకుని ఆకు చుడుతూ.

"కొమురవ్వా, ఒక్క మాట చెప్పు," అన్నది అత్త. "గీ పిల్లను ఇంకెన్ని దినాలు ఉంచుకోవాలె మేము? పంపిద్దామంటె వాళ్ళ పుట్టిల్లు సిరిసిల్ల. సాంచెలు బందయి వాళ్ళన్న భీమండి వోయిండు, గక్కడ బువ్వకే లేదు. అయినా పంపిద్దామనే అనుకున్నం. నీ ఫోన్ అయినంక ఆగినం. నీ మొగడు ఉన్నడంటె మావోడు గూడ ఉన్నట్టే గద, ఇద్దరు ఒక్కసారే బయటపడిరి. ఏమన్న అన్నడా మా సత్తయ్య సంగతి?"

సాంచెలంటే మరమగ్గాలు. అవి ఆగితే సిరిసిల్లలో పొయ్యిలు ఆగుతాయి. కొమురమ్మ సంగీత వైపు చూసింది. ఆ పిల్ల తల ఎత్తలేదు, వేళ్ళు మాత్రం ఆగిపోయాయి. ఇప్పుడైనా నిజం చెబుదామనే కొమురమ్మ నోరు తెరిచింది. ఆ ఫోను దొంగదని ఒక్క మాట అంటే తన గుండె బరువు దిగుతుంది, రేపు పొద్దున్నే ఈ పిల్ల మూట కట్టుకుని సిరిసిల్ల బస్సెక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు ఆమె అబద్ధం మీద ఇంకొకరి బతుకు కూడా నిలబడి ఉంది.

"ఉన్నడట వదినె," అన్నది కొమురమ్మ. "ఇద్దరు ఒక్క తాననే ఉన్నరట. మంచిగనే ఉన్నడట."

"మరి మళ్ళ ఎప్పుడు చేస్తడట?"

"శుక్రారం." ఇంకేమీ నోటికి రాక ఆ మాట వచ్చింది. "బస్టాండు కాడి ఫోన్ బూత్‌కు చేస్తనన్నడు."

అత్త తృప్తిగా లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని వెళ్ళిపోయింది. సంగీత పోలేదు. చాట పక్కకు జరిపి కొమురమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. చాలా రోజుల తరువాత ఆ పిల్ల ముఖంలో నవ్వు కనిపించింది.

"శుక్రారం నేను గూడ అస్త అత్తా. మా ఆయన పక్కకుంటె ఒక్కసారి ఇయ్యుమను. నేను ఏం అడుగ. గొంతొక్కటి వింట."

కొమురమ్మ సరే అన్నది.